కుంచెకోల

చాలా రోజులుగా ఇక్కడ ఏమీ వ్రాయలేదు. యతిభేదాల మీద మొదలుపెట్టిన వ్యాసం సగంలో ఆగివుంది. దాన్ని పక్కన పెట్టి ఈ వేళ తాళాల గురించి వ్రాయవలసి వచ్చింది. (తాళమనగానే ఆది, రూపకాలు అనుకొని వచ్చిన సంగీతప్రియులు మన్నించాలి. ఇది తలుపు తాళం.)

నా బల్లమీద ఇప్పుడు రెండు వస్తువులున్నాయి. ఒకటి మా అపార్టుమెంటు సంఘంవారు సంతకం కోసం ఇచ్చివెళ్ళిన విన్నపపత్రం. రెండోది మా మనవడు నిన్న సాయంకాలం ఆకురాయితో అరగదీసి తనకు కావలసినట్టు తీర్చుకున్న జానెడు ఉక్కు పుల్ల. రెండోదాన్ని కళ్ళారా చూస్తూ మొదటిదాని మీద సంతకం పెట్టడం నాకు చేతకావడం లేదు. ఎందుకో చెప్పడానికే ఈ టపా.

ముందు పుల్ల సంగతి. మనవడంటే మా అమ్మాయి కొడుకు. ఎల్బీనగర్‌లో ఇంటర్మీడియెట్ రెండో సంవత్సరం చదువుతూ చైతన్యపురిలో మా యింట్లోనే ఉంటున్నాడు. వాడికి తాళాలు విప్పడం ఒక సరదా. చెవి లేకుండా విప్పడం అన్నమాట. ఎనిమిది వందలు పోసి అంతర్జాలంలో ఒక పనిముట్ల పొత్తం తెప్పించుకున్నాడు. తీరా చూస్తే మన బజారులో దొరికే తాళంకప్పల్లో అవి సరిగా ఆడవు. పరదేశపు తాళాల కొలతకు చేసిన పుల్లలు. మన తాళాల చెవి దూరే సందు ఇరుకు. పుల్ల లోపలికి పోతుంది గాని పైకెత్తడానికి చోటుండదు. అందుచేత వీడు వరండాలో కూర్చుని దాని వెన్ను అరగదీయడం మొదలుపెట్టాడు.

ఇందులో ఉన్న కిటుకు వాడు చెబితే నాకూ తెలిసింది. మామూలు పిన్నుల తాళంలో జంటజంటలుగా చిన్న పిన్నులుంటాయి, వాటిని స్ప్రింగులు క్రిందికి నొక్కుతుంటాయి. సరియైన చెవి పెట్టినప్పుడు ప్రతి జంటా విడిపోయే చోటు ఒకే గీత మీదికి వస్తుంది, అప్పుడు లోపలి గొట్టం తిరుగుతుంది. చెవి లేనివాడు ఒక రేకుతో ఆ గొట్టాన్ని మెల్లగా తిప్పే ప్రయత్నంలో ఉంచి, రెండో చేతి పుల్లతో ఒక్కొక్క పిన్నునే ఎత్తి చూస్తాడు. చేసినవాడి చేతిపనిలో వెంట్రుకవాసి తేడాలుండడం వల్ల పిన్నులన్నీ ఒక్కసారి బిగుసుకోవు, ఒకటి ముందు, ఒకటి వెనుక. ఆ తేడాలోంచే తాళం విడివడుతుంది. తాళంలో లోపం లేకపోతే ఈ విద్యే లేదన్నమాట.

మనవడు మొదట ఒక చిన్న మోటారు చక్రం మీద గబగబా అరగదీశాడు. ముక్కు నీలం రంగు తిరిగింది, రెండోసారి వాడగానే వంగిపోయింది. అప్పుడు నాకు మా ఊరి కొలిమి గుర్తొచ్చింది. ఉక్కు నీలం తిరిగితే పదును దిగిపోయినట్టేనని కమ్మరి చెప్పిన మాట చిన్నప్పుడు విన్నాను. "చక్రం వద్దురా నాన్నా, ఆకురాయితో చెయ్యి, ప్రతి పది రుద్దులకూ నీళ్ళలో ముంచు" అన్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇనుప సామాను కొట్టుకు నేనే వెళ్ళి సన్నపళ్ళ ఆకురాయీ గరుకు కాగితమూ కొనుక్కొచ్చాను. ముక్కు కాస్త పొట్టి చేయాలి, వెన్ను సన్నం చేయాలి, అంచులు మొనదేలకుండా గుండ్రంగా రుద్దాలి, లేకుంటే పిన్నులను గీరుతుంది. మూడు సాయంత్రాలు పట్టింది. మా ఆవిడ మాత్రం "పండితుడి యింట్లో దొంగలకొలిమి" అంటూ దీపం పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మాటకు జవాబుగా నేనొక నిఘంటుచర్చ చేయబోయాను గాని వినే ఓపిక ఆవిడకు లేదు, మీకు ఉంటుందని నమ్మకం. సంస్కృతంలో తాళంచెవికి కుంచిక అని పేరు. వంకరపోవడాన్ని చెప్పే ధాతువు, కుంచితమంటే వంగినది. హిందీ కుంజీ దాని సంతతే. మన పాత తెలుగులో కుంచెకోల. అంటే ఆది తాళంచెవి ఒక వంకర ఊచ, తలుపు కంతలోంచి దూర్చి లోపలి గడియను లాగే ఊచ. ఇప్పటి పళ్ళ చెవులు, చుక్కల చెవులు దాని తరువాతి తరాలు. ఆ లెక్కన మనవడి చేతిలో ఉన్నది తాళంచెవికి ముత్తాత.

ఇక విన్నపపత్రం. పోయిన నెల మా అపార్టుమెంటు మూడో అంతస్తులో దొంగతనం జరిగింది. ఆ యింటివారు పెళ్ళికి ఊరెళ్ళారు. నగలు పోయాయి, వారి బాధ నిజం, దాన్ని తక్కువచేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. ఆ మరునాడే నలుగురూ చేరి ఎవరయ్యుంటారని అనుకోవడం, నాలుగో నిమిషానికల్లా అందరి నోటా ఒకే మనిషి. దిల్‌సుఖ్‌నగర్ పెద్దరోడ్డు మీద, మెట్రో వంతెన నీడన, గొడుగూ చెక్కపెట్టే పెట్టుకుని కూర్చునే తాళంచెవుల సర్దార్‌జీ. ఆ దారిన మెట్రో 2018 సెప్టెంబరులో మొదలైంది. ఆ స్తంభాలు లేవకముందు నుంచీ అతను అక్కడే ఉన్నాడు, అతని తండ్రీ ఇదే పని చేశాడు. కత్తులూ ఆయుధాలూ చేసిన సిక్లీగర్ సిక్కుల వారసులు ఈ దేశంలో చాలా ఊళ్ళలో ఈ వృత్తిలో కనిపిస్తారు. పత్రంలో అతని పేరు లేదు. "తాళాలు తెరిచే పనిముట్లతో అనుమానాస్పదంగా" కూర్చుంటున్న వ్యక్తిని అక్కణ్ణుంచి తొలగించాలని ఉంది. పదిహేడు సంతకాలు అయిపోయాయి. పద్దెనిమిదోది నాది.

సంతకం కోసం వచ్చిన పెద్దమనిషే వరండాలో మనవణ్ణి చూశారు. ఏం చేస్తున్నావని అడిగారు. వాడు దాచకుండా చెప్పాడు, చూపించాడు కూడా. ఆయన ముఖం వెలిగిపోయింది. "మాస్టారూ, మీవాడిది ఇంజనీరింగు బుర్రండీ" అని నా భుజం తట్టి కాఫీ త్రాగి వెళ్ళారు. పత్రం బల్లమీద ఉండిపోయింది.

ఆయన్ను నేను నిందించలేను. ఆ మాట అనే అర్హత నాకు లేదు. అది చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

భాషాప్రవీణ చదివే రోజుల్లో మేము శూద్రకుడి మృచ్ఛకటికం చదువుకున్నాం. మూడో అంకంలో శర్విలకుడు చారుదత్తుడి యింటికి కన్నం వేసే ఘట్టం గుర్తున్నవారికి వేరే చెప్పనక్కరలేదు. అతడు బ్రాహ్మణుడు, విద్యావంతుడు. కన్నానికి పద్మం, సూర్యుడు, నెలవంక, స్వస్తికం, పూర్ణకుంభం అంటూ ఆకారాలు ఎంచుకుంటాడు. కాల్చిన యిటుక గోడకు పూర్ణకుంభమే అందమని తేలుస్తాడు. కొలతాడు మరచిపోయి వచ్చానని నాలుక కరుచుకుని, జందెం తీసి దాంతో గోడ కొలుస్తాడు. అంతటితో ఊరుకోక ఆ జందెం వల్ల ప్రయోజనాలు ఏకరువు పెడతాడు. నగల కీళ్ళు విప్పడానికి పనికివస్తుంది, బిగించిన తలుపు తెరవడానికి పనికివస్తుంది, పాము కరిస్తే కట్టుకట్టడానికీ పనికివస్తుంది! ఒంటిమీది వస్తువును సమయానికి పనిముట్టుగా మార్చుకున్నవాడంటే అతడు. దండి దశకుమారచరిత్రలో అపహారవర్మ వెంట తీసుకుపోయే సామగ్రి ఇంకా పెద్దది. పాముపడగ ఆకారపు త్రవ్వుకోల, పట్టకారు, కొలతాడు, కన్నంలోంచి ముందుగా దూర్చి చూసే బొమ్మతల, దీపం ఆర్పడానికి పురుగుల భరిణె. ఆ కావ్యాన్ని పదమూడో శతాబ్దంలో కేతన తెలుగుచేసి తిక్కనకు అంకితమిచ్చాడు, అభినవదండి అనిపించుకున్నాడు. సోమయాజి పుచ్చుకున్న కావ్యంలో నాయకులలో ఒకడు కన్నం వేసేవాడే. ఎవరూ నొచ్చుకోలేదు.

శర్విలకుడికి చివరకు ఏమైంది? ప్రేమించిన మదనిక దక్కింది. స్నేహితుడు ఆర్యకుణ్ణి చెర విడిపించాడు, ఆ ఆర్యకుడు రాజయ్యాడు. జందెం ఉన్న దొంగకు కవి అంత దారి తీసిపెట్టాడు.

1987లో నేను తీరప్రాంతంలో ఒక ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. తొమ్మిదో తరగతివారికి శర్విలకుడి కథ చెప్పాను. పాఠ్యపుస్తకంలో లేదు, ఒక వానరోజు ఊసుపోక చెప్పాను. పిల్లలు పగలబడి నవ్వారు. ఆ తరగతిలో ఒక ఎరుకల కుర్రవాడుండేవాడు. పేరు వ్రాయను. తండ్రి బుట్టలల్లేవాడు. పద్యం ఒకసారి వింటే అప్పజెప్పగల ధారణ. ఒకనాడు గ్రంథాలయం బీరువా తాళంచెవి నేనే ఎక్కడో పోగొట్టుకున్నాను. ఎలాగరా అని నలుగురిలో అంటుంటే వీడు విరిగిన గొడుగు ఊచ ఒకటి తెచ్చి, కొన బండమీద వంచి, అటూ ఇటూ కదిపి, బీరువా తెరిచాడు. నేను పట్టరాని సంతోషంతో "ఓరి శర్విలకా!" అన్నాను. తరగతంతా నవ్వింది. వాడూ నవ్వాడు. ఆ నాటి నుంచి వాడికి అదే పేరైంది.

మూడు నెలల తరువాత పరీక్ష రుసుము డబ్బున్న పెట్టె తెరిచి ఉంది, డబ్బు లేదు. తాళాలు తీయడం ఎవరికి వచ్చని ప్రధానోపాధ్యాయులు అడిగారు. ఉపాధ్యాయులందరూ నా వంక చూశారు. నేను వాడి పేరు చెప్పాను. అబద్ధం చెప్పలేదు. ఆ విద్య వాడికి వచ్చునని మాత్రమే చెప్పాను. నా అంతరాత్మకు అప్పట్లో ఆ వాక్యనిర్మాణం చాలింది. వాణ్ణి రెండు రోజులు వరండాలో నిలబెట్టారు. తండ్రిని పిలిపించారు. ఆయన చేతులు జోడించి నిలుచున్నాడే గాని, తన కొడుకు తీయలేదని కూడా అనలేదు. అన్నా ఎవరూ వినరని తెలిసినవాడిలా నిలుచున్నాడు. సంక్రాంతి సెలవుల తరువాత ఆ పిల్లవాడు బడికి రాలేదు. డబ్బు ఎవరు తీశారో ఎప్పటికీ తేలలేదు.

ఆ పెట్టెను నేను చూశాను. తాళం వేసినది వేసినట్టే ఉంది. గొళ్ళెం మేకులు ఊడబెరికి ఉన్నాయి. తాళం తీయడం వచ్చినవాడు మేకులు ఎందుకు ఊడబెరుకుతాడు? ఈ ప్రశ్న నాకు ఆనాడే తోచింది. పైకి అనలేదు. తోచిందని ఒప్పుకోవడానికే నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఆ పిల్లవాడి పేరు అంత సులువుగా నా నోటికి రావడానికి వెనుక చాలా చరిత్ర ఉందని తరువాత చదివి తెలుసుకున్నాను. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. పుట్టుకతోనే మనిషిని నేరస్థుల పట్టీలో వ్రాసే చట్టం అది. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం వెలిసింది; ఎరుకల కుటుంబాలను తెచ్చి సాల్వేషన్ ఆర్మీవారి పెత్తనంలో ఉంచారు. ఆ చట్టాన్ని 1952లో ఎత్తివేశారు. లవణం, హేమలతా లవణం దంపతులు ఆ ఊరి మనుషుల మీది ముద్ర చెరపడానికి ఏళ్ళ తరబడి శ్రమించారు. అయినా 1991లో ఒక సినిమా, 2023లో మరొకటి ఆ ఊరి పేరు మీదనో ఆ ఊరి దొంగ పేరు మీదనో వచ్చాయి. ముద్ర చెరపడం కంటే టిక్కెట్టు అమ్మడం సులభం. చట్టం పోయిన ముప్పయ్యయిదేళ్ళకు నేను ఒక పాఠశాల గదిలో దాన్ని మళ్ళీ అమలుచేశాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు.

మూడో అంతస్తు దొంగతనం మరునాడు నేనూ పైకి వెళ్ళి చూశాను. ఈసారి మొట్టమొదట చూసింది తలుపునే. తాళంకప్ప చెక్కుచెదరలేదు. గొళ్ళెం కమ్మీతో వంచి పెకలించారు. ఆ మాట సంఘం సమావేశంలో చెప్పాను. "అది సరేనండి మాస్టారూ, కానీ అలాంటివాడు వీధిలో ఉండడమెందుకు?" అన్నారు. ఆ 'అలాంటివాడు' అన్న మాట దగ్గరే నా విభేదం. అలాంటివాడు మా వరండాలోనూ ఒకడున్నాడు గదా.

అసలు ఈ విద్యే పిల్లలకు తెలియకూడదనే మిత్రులు కొందరున్నారు. మనవడి సరదా గురించి చెప్పినప్పుడు ఒకరు ఫోనులో గట్టిగానే మందలించారు. వారికి 1851 నాటి సంగతి ఒకటి చెప్పాను. లండనులో బ్రామా కంపెనీవారు తమ తాళాన్ని చెవి లేకుండా తెరిచినవారికి రెండువందల గినీలిస్తామని 1790 నుంచీ దుకాణం అద్దంలో సవాలు పెట్టివుంచారు. ఆ ఏటి మహాప్రదర్శనకు వచ్చిన ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికావాడు ముందు చబ్ కంపెనీ తాళాన్ని ఇరవయ్యయిదు నిమిషాల్లో తీశాడు. తరువాత బ్రామా తాళం ముందు కూర్చుని పదహారు రోజులలో మొత్తం యాభైయొక్క గంటలు పనిచేసి దాన్నీ తెరిచాడు. ఊరంతా గగ్గోలు. తాళాల రహస్యాలు బయటపెడితే దొంగలకు చదువు చెప్పినట్టేనన్నారు. రెండేళ్ళకు, 1853లో, చార్లెస్ టాంలిన్సన్ సంపాదకత్వంలో తాళాల నిర్మాణం మీద వచ్చిన పుస్తకం దానికి బదులిచ్చింది. దొంగలకు తమ వృత్తి ముందే తెలుసు, తెలియనిది తాళం కొనుక్కునే గృహస్థుకే అని దాని సారాంశం. అందులో నేను మార్చవలసినది ఏమీ కనబడలేదు. మా మనవడు ఇంట్లోని ఆరు తాళాలలో నాలుగింటిని పది నిమిషాల లోపు తీశాడు. అందులో ఒకటి నేను పన్నెండేళ్ళుగా మా ముందు తలుపుకు వేస్తూ నిశ్చింతగా తీర్థయాత్రలు చేసి వచ్చినది! దాన్ని పాతసామాన్ల డబ్బాలో వేశాను.

అలాగని ఎవరు పడితే వారు ఏ తాళాన్నైనా కెలకవచ్చునని కాదు. ఈ సరదా ఉన్నవారు లోకమంతటా పాటించే నియమాలు రెండున్నాయి: నీది కాని తాళాన్ని యజమాని అనుమతి లేకుండా ముట్టుకోకు, నిజంగా వాడుకలో ఉన్న తాళం మీద ప్రయోగం చేయకు. రెండోది నీతి కంటే జాగ్రత్త. లోపల ఏ పిన్నో ఇరుక్కుంటే గడప అవతలే ఉండిపోవాలి. మనవడికి ఈ రెండూ నాకంటే ముందే తెలుసు. జపానులో 2003లో ఒక చట్టం చేసి, తగిన కారణం లేకుండా ఇటువంటి పనిముట్లు దగ్గర పెట్టుకోవడమే నేరమన్నారు. అక్కడివారికి అది అవసరమనిపించి ఉండవచ్చు. మన దగ్గర అటువంటిది వస్తే మొదట బలయ్యేది ఎవరో పై పదిహేడు సంతకాలు చూస్తే తెలుస్తుంది. తగిన కారణం అనే మాటకు మా వరండాలో ఒక అర్థం, వంతెన క్రింద మరో అర్థం ఉంటాయి.

నిన్న మనవణ్ణి వెంటబెట్టుకుని సర్దార్‌జీ దగ్గరికి వెళ్ళాను. విన్నపపత్రం సంగతి అతనికి అప్పటికే తెలిసినట్టుంది, నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఆ నిలబడడం నాకు 1987 నాటి చేతులు జోడించిన తండ్రిని గుర్తుచేసింది. కూర్చోమన్నాను. మనవడు పుల్ల తీసి చూపించాడు. అతను దాన్ని వెలుతురుకు పట్టి, గోటితో గీచి, "మెడ కాడ గీత పడ్డది బేటా, ఇక్కడ్నే ఇరుగుతది" అన్నాడు. ఆకురాయి గీతలు అడ్డంగా ఉంటే ఉక్కు అక్కడే పగులుతుందట, నిలువుగా రుద్దుకోవాలట. పెట్టెలోంచి సన్నని రాయి తీసి నిలువుగా నాలుగు రుద్దులు రుద్ది ఇచ్చాడు. తన పనిముట్టు చూపించమని మనవడు అడిగాడు. అతను అటూ ఇటూ చూసి, గుడ్డమడతలోంచి తీశాడు. గొడుగు ఊచ. కొన అదే వంపు.

"బయట ఎందుకు పెట్టవు?" అన్నాను.

"చూసినోళ్ళు భయపడ్తరు సార్. చెవులు కనబడితే చాలు. ఎవరింటి తాళమన్నా తీయాల్నంటే పక్కింటోళ్ళని నిలబడమంట. తీసేది నేను గద, రేపు ఏం పోయినా నా మీదికే వస్తది."

రాయి రుద్దినందుకు ఎంతివ్వాలని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. పాతసామాన్ల డబ్బాలో వేసిన ఆ తాళానికి బదులు మంచిది ఏదని అడిగితే, తన దగ్గరున్నవి వద్దని, ఫలానా రకం చూసి కొనుక్కోమని కొట్టు దారి చెప్పాడు.

వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు సంఘం సమావేశం మళ్ళీ ఉంది. పత్రం ఆనాడు తిరిగి ఇవ్వాలి. సంతకం ఉండవలసిన చోట ఖాళీగానే ఇస్తాను. ఎందుకని అడుగుతారు. అడిగితే మనవడి పుల్లనూ, సర్దార్‌జీ దగ్గర అడిగి తెచ్చుకున్న ఒక గొడుగు ఊచనూ పక్కపక్కన బల్లమీద పెట్టి, వీటిలో ఇంజనీరింగు బుర్ర ఏది, అనుమానాస్పదం ఏది, గుర్తుపట్టండి అని అడుగుదామనుకుంటున్నాను. మా ఆవిడ నన్ను నోరు మూసుకుని కూర్చోమంటోంది, రేపు నీళ్ళ ట్యాంకరు కావలసివచ్చినా వాళ్ళనే అడగాలి గదా అని ఆవిడ భయం. అదీ నిజమే. ఏం జరిగిందో వచ్చే వారం వ్రాస్తాను. యతిభేదాల వ్యాసం ఆ తరువాతే.